నమూనా రైలుపెట్టెల వర్ణలేఖనము

నేడు అంగడిలో దొరకు నమూనా రైలుపెట్టెను చేతబట్టి భూతద్దముతో పరిశీలించినచో, దాని పార్శ్వములపై అరమిల్లీమీటరు ఎత్తైనను లేని అక్షరములను సయితము స్పష్టముగా చదువవచ్చును. కర్మాగారమున మెత్తని సిలికోను దిమ్మెతో అద్దిన ఆ ముద్రణమునకు దీటైన పనిని ఇంట బల్లముందు కూర్చుండి సాధించుట దుష్కరమని ఒప్పుకొనక తప్పదు. అయినను అమెరికాలోను, బ్రిటనులోను, జర్మనీలోను, ఇటీవల మన దేశమునందును, ఎందఱో ఔత్సాహికులు కొన్న పెట్టెమీది రంగును కరగించి తుడిచివేసి, తాము కలుపుకొన్న రంగును పట్టించి, తాము గీసి తామే అచ్చొత్తుకొన్న డెకాళ్లను, అనగా అక్షరములుగల సన్నని పొరలను, నీటిలో నానబెట్టి అద్దుచునే యున్నారు. సిద్ధవస్తువు ఇంత సమగ్రముగా లభించుచున్న కాలమున ఈ పరిశ్రమకు ప్రయోజనమేమి, దాని పద్ధతులు ఎంతవరకు పరిణతిచెందినవి, ఏ చిక్కులు ఇంకను తీరక నిలిచియున్నవి అను ప్రశ్నలను ఒకచోట జేర్చి విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నా అభిప్రాయమును ముందుగానే నివేదించెదను: రంగు పెట్టెకు అందమునిచ్చును, దానికి ఊరును కాలమును ఇచ్చునది అక్షరము. ఆ అక్షరమును స్వయముగా కూర్చుకొన బూనినవాడు నిజమైన బండిని నిదానముగా చదువక తప్పదు గనుక, ఈ విద్యయొక్క సారమంతయు ఆ చదువులోనే యున్నది.

చిక్కులకెల్ల మూలము పరిమాణము. మిక్కిలి ప్రచారముగల హెచ్.ఓ. కొలతలో నిజమైన బండి 87వ వంతునకు తగ్గును. అనగా ఒక అడుగు 3.5 మిల్లీమీటర్లగును, 40 అడుగుల అమెరికా బాక్సుకారు (కప్పుగల సరకుబండి) 14 సెంటీమీటర్లలో ఇమిడిపోవును. బ్రిటనువారి ఓ.ఓ. కొలత 1:76, ఎన్ కొలత 1:160, బ్రిటనులో మాత్రము 1:148. నిజబండిపై తొమ్మిదంగుళముల ఎత్తున వ్రాసిన అంకె హెచ్.ఓ. పెట్టెపై 2.6 మిల్లీమీటర్లకు దిగును. కొలతలను తెలుపు అంగుళపు అక్షరములు 0.3 మిల్లీమీటరుకైనను చాలవు. ఇక రంగును తలచుకొనుడు: ఒక మిల్లీమీటరులో ఇరువదవవంతు మందమున, అనగా మనకంటికి మిక్కిలి పలుచనగా దోచు పూతను పట్టించితిమేని, ఆ లెక్కన నిజబండిపై నాలుగు మిల్లీమీటర్లకు మించిన మందమున రంగు మెత్తినట్లగును. రివెట్లు, పలకల అతుకులు, తలుపుల గొళ్లెములు అందులో మునిగిపోవును. కుంచెను వదలి ఎయిర్ బ్రష్ పట్టుట, రంగును పాలవలె పలుచన జేయుట, ఒక్క దట్టమైన పూతకు మాఱుగ మూడు నాలుగు పలుచని పూతలు వేయుట, డెకాలు పొరను అదృశ్యముచేయుటకై ఇన్ని ద్రావకములు వాడుట, ఈ ప్రక్రియలన్నియు ఆ ఒక్క లెక్కనుండియే పుట్టినవి.

అక్షరముల సంగతి సావకాశముగా చెప్పదగినది. అమెరికా సరకుబండి పార్శ్వమును చూచినవారికి మొదట గోచరించునది కంపెనీ పేరును, చిహ్నమును. కాని దాని జాతకము చిన్న అక్షరములలో నున్నది. యజమానిని తెలుపు నాలుగక్షరములకు మించని సంకేతము, దానిక్రింద సంఖ్య, ఎంత బరువు మోయగలదో, ఖాళీబండి బరువెంతో తెలుపు పంక్తులు, నిర్మించిన నెలయు సంవత్సరమును అందుండును. ఖాళీబరువును నియతకాలమున మరల తూచి, తూచిన తావుయొక్క గుర్తును తేదీని వ్రాయుచుండెడివారు. అట్లు వ్రాయుటకు ముందు పాత పంక్తులపై క్రొత్త రంగును పులుముటచేత, మాసిన పెట్టెమీద ఒక చిన్న చతురస్రము మాత్రము నిగనిగలాడుచుండెడిది. పాత ఛాయాచిత్రములలో ఈ చతురస్రమును చూచి, తన పెట్టెపై దానిని యథాతథముగా నిలిపిన కళాకారునికి, పెట్టెనంతటిని ఒకే విధముగ మురికిచేసినవానికి గల అంతరము చెప్పనక్కఱలేదు.

ఈ చిన్నగుర్తులు కాలమును ఎంత నిర్దాక్షిణ్యముగా పట్టియిచ్చునో గమనింపుడు. 1966 నుండి అమెరికాలో క్రొత్త బాక్సుకార్లకు కప్పుమీది నడకబల్ల లేదు. 1967 నుండి, యంత్రములు చదువుటకై రంగురంగుల అడ్డగీతలుగల పట్టీని ప్రతి బండికిని అంటింప నాజ్ఞాపించిరి. మురికి పట్టిన పట్టీలను యంత్రములు చదువలేకపోవుటచే 1977లో ఆ పద్ధతిని విడిచిరి, పట్టీలు మాత్రము కొన్ని బండ్లమీద చాలకాలము వెలిసిపోవుచు నిలిచినవి. 1970ల ఆరంభమున కందెన, బ్రేకుల తనిఖీల తేదీలను నల్లని గడులలోనికి చేర్చిరి. 1978లో చక్రముల పరీక్షకు గుర్తుగా నల్లని చతురస్రమున పసుపుచుక్క వచ్చినది. కావున 1975 నాటిదని చెప్పుకొను పెట్టెపై పసుపుచుక్క కనబడినచో, తక్కిన పనితనమెంత రమ్యమైనను, తెలిసినవాడు అచటనే ఆగిపోవును. కర్మాగారము ఒక పెట్టెకు ఒక సంవత్సరమును మాత్రమే అచ్చొత్తగలదు. మన పట్టాలపై నడచు కాలము వేఱైనప్పుడు ఆ పెట్టెను దిద్దుకొనవలసినది మనమే. ఇంటి డెకాళ్లకు గల మొదటి సమర్థన యిది.

బ్రిటనులో ఇట్టి ఆకర్షణ సొంతదారుల వ్యాగన్లది. బొగ్గుగనులు, బొగ్గువర్తకులు తమ సొంతబండ్లను ఎఱుపు, నలుపు, బూడిద రంగులతో నింపి, వాటిమీద తమ పేరును, ఊరును పెద్ద తెల్లని అక్షరములతో, ఆ అక్షరములకు నీడలు తీర్చి వ్రాయించుకొనెడివారు. 1939లో యుద్ధము వచ్చుటతో ప్రభుత్వము వాటిని ఉమ్మడిగా వాడుకొనసాగినది; 1948లో జాతీయీకరణముతో ఐదులక్షలకు పైబడిన బండ్లు ప్రభుత్వపరమైనవి, పేర్లు క్రమముగ మాసిపోయినవి. ప్రతి చిన్న పట్టణపు వర్తకునికిని అచ్చుడెకాలును ఏ కంపెనీయు తయారుచేయజాలదు. కావున తన ఊరి స్టేషను 1930లలో ఎట్లుండెనో కట్టదలచిన ఔత్సాహికుడు, స్థానిక గ్రంథాలయమునకు పోయి, పాత పత్రికలలోని ఫొటోలను వెదకి, ఆ వర్తకుని బండిని తానే వ్రాసికొనవలెను. అమెరికాలో దీనికి సమానమైనది ప్రకటనల శీతలపెట్టెల కథ: మాంసము, వెన్న, పానీయముల కంపెనీలు అద్దెబండ్లను తమ ప్రకటనపలకలుగా మార్చుకొనగా, 1934లో అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘము ఆ పద్ధతిని నిషేధించినది. ఆ రంగుల వైభవము నమూనాలలోనే మిగిలినది.

వర్ణమునుగూర్చి ఔత్సాహికుల వాదములు అనంతము. అందు సారభూతమైనవి కొన్నియే. సరకుబండ్లకు ఎఱ్ఱమట్టిరంగు సర్వత్ర వ్యాపించుటకు కారణము అది ఇనుపఖనిజమునుండి వచ్చు చవకరంగగుటయు, ఎండకు తట్టుకొనుటయు; కాని ఒక్కొక్క కంపెనీ ఎఱుపు ఒక్కొక్క తీరుది, ఒకే కంపెనీ ఎఱుపు సైతము దశాబ్దములు గడచినకొలది మాఱినది. పెన్సిల్వేనియా రైల్వే ప్రయాణికుల పెట్టెలకు టస్కను ఎఱుపును, సరకుబండ్లకు మఱొక ఛాయను వాడినది. రెంటిని ఒకే సీసానుండి పట్టించిన పెట్టెలు నేటికిని ప్రదర్శనలలో కనబడుచున్నవి. అసలు రంగుచెక్కును సంపాదించి దానికి సరిపోలునట్లు కలుపవలెనని ఒక పక్షము. దూరమునుండి చూచు బండిపై గాలి, వెలుతురు కమ్మి రంగు పాలిపోవును గనుక కొంచెము తెలుపు కలిపి తేలికపరుపవలెనని మఱొక పక్షము. రెండవ పక్షము మాటయే నాకు యుక్తముగా దోచుచున్నది. అయితే బండి తిరుగు గదిలోని దీపమునకే తుదితీర్పు నప్పగింపవలెను, ఏలయన పగటి వెలుతురున సరిపోలిన రెండు రంగులు ఎల్.ఇ.డి. దీపముక్రింద వేఱైపోవుట సామాన్యము. అమెరికాలో తరములతరబడి ప్రమాణముగా వాడుకలో నుండిన ఫ్లోక్విల్ రంగుల ఉత్పత్తి 2013లో ఆగిపోవుటతో, పాత పుస్తకములలోని మిశ్రమసూత్రములు చాలభాగము నిరుపయోగమైనవి.

కర్మాగారపు రంగును తీయుటకు గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పిదప సబ్బునీటి స్నానము, బూడిదరంగు ప్రైమరు, లేతరంగు ముందు ముదురురంగు వెనుక, ఈ క్రమము అందఱకును తెలిసినదే. రంగు చల్లునపుడు గదిలో గాలి ఆడవలెననియు, ముక్కునకు తగిన మాస్కు ఉండవలెననియు చెప్పి ముందునకు సాగెదను.

డెకాలు అనునది మూడు పొరల నిర్మాణము: అడుగున కాగితము, దానిపై నీటిలో కరగు జిగురు, ఆపైన సన్నని పారదర్శకపు పొర, అక్షరము ఈ మూడవపొరపై నుండును. నీటిలో నానినంతనే జిగురు కరగి పొర జారును. దానిని పెట్టెపైకి జరిపి, తడి నద్దివేయవలెను. చేత అద్దిన డెకాళ్లను దూరమునుండియే పట్టియిచ్చు దోషము వెండిమెఱుగు. మెఱుపులేని రంగుపూత సూక్ష్మదర్శినిలో ఎగుడుదిగుడుగా నుండును; ఆ గుంటలలో పొరక్రింద గాలి చిక్కుకొని, వెలుతురు పడగనే అక్షరముచుట్టు తెల్లని చట్రమును చూపును. అందుచేతనే డెకాళ్లకు ముందు నిగనిగలాడు పారదర్శకపు పూతయు, అవి ఆరినపిదప నిగనిగను చంపు మఱొక పూతయు అవసరమగుచున్నవి. మైక్రోస్కేల్ కంపెనీవారి మైక్రో సెట్, మైక్రో సోల్ అను ద్రవములలో మొదటిది పొరను అతుకజేయును, రెండవది పొరను మెత్తబఱచి రివెట్లమీదికిని పలకల సందులలోనికిని దించును. రెండవదాని నద్దిన వెంటనే పొర ముడుతలుపడి భయపెట్టును. అప్పుడు వ్రేలు తగిలించినచో చినుగును, తాకక విడిచినచో తానే సరియగును. ఈ విద్యలో ఓర్పు ఎక్కువగా ఫలించు ఘట్టము అదియే.

ఇంటిలో అచ్చొత్తు డెకాళ్ల చరిత్ర అంతయు ఒక్క తెల్లరంగు చుట్టు తిరుగుచున్నదన్న అతిశయోక్తి గాదు. పూర్వము ఔత్సాహికులు అచ్చుడెకాళ్లనుండి అక్షరములను ఒక్కొక్కటిగ కత్తిరించి పేర్లు కూర్చుకొనెడివారు. 1960ల నుండి లెట్రాసెట్ వంటి పొడి అక్షరములను రుద్ది అంటించెడివారు. ఇంటింట ప్రింటరు వచ్చినప్పుడు సమస్య తీఱినదని ఎల్లరును భావించిరి. కాని సాధారణపు ప్రింటరునందు తెల్లసిరా లేదు. తెలుపు అనునది దానికి కాగితపు తెలుపే. ఎఱ్ఱమట్టి రంగు బండ్లపై వ్రాతలన్నియు తెల్లనివే! పసుపును అచ్చొత్తినను, ఆ సిరా పారదర్శకమగుటచే ముదురురంగుపై కనబడక మాయమగును. దీనికి మూడు ఉపాయములు పుట్టినవి. తెల్లనిపొరగల డెకాలు కాగితముపై, అక్షరములను విడిచి తక్కిన తావునంతయు పెట్టెరంగును అచ్చొత్తి, ఆ పలక నద్దుట మొదటిది. ఇందు కంప్యూటరు కలిపిన రంగు, సీసానుండి వచ్చిన రంగు ఎన్నడును సరిగా కలియవు గనుక, పలక అంచు తలుపుచట్రము వంటి సహజమైన అంచున ముగియునట్లు చూచుకొనవలెను. రెండవది ఆల్ప్స్ కంపెనీవారి ప్రింటరు: మైనపు రిబ్బనును వేడిమిచే అద్ది తెలుపును, లోహవర్ణములను సైతము ముద్రింపగలిగిన ఆ యంత్రము ఒక తరమువారికి కల్పవృక్షమైనది, దాని తయారీ నిలిచిపోయి, రిబ్బన్లు దుర్లభమగుటతో, ఉన్నవారు దానిని జాగ్రత్తగా కాపాడుకొనుచున్నారు. మూడవది తెల్లటోనరుగల లేజరు ప్రింటరు. అది ఖరీదైనది, గనుక కొందఱు కలిసి ఒకరి యంత్రముపై అచ్చొత్తించుకొనుట పరిపాటియైనది. నా దృష్టిలో భవిష్యత్తు ఈ మూడవదానిదే.

ఇంకుజెట్టుతో అచ్చొత్తినవారు నీటిలో ముంచుటకు ముందే పారదర్శకపు వార్నిషును పలుచగా పలుమాఱు చల్లకున్నచో, సిరా నీటిలో కరగిపోవును. లేజరు టోనరు వేడిమిచే కరగి పొరకు అంటుకొనునది గనుక దానికి ఆ భయములేదు. చిత్రమును చుక్కలుగా గాక రేఖలుగా గీయు సాఫ్టువేరునందు కూర్చుకొనుట మేలు. ఒకే రూపమును హెచ్.ఓ.కును ఎన్‌కును చెడకుండ మార్చుకొనవచ్చును.

ఇక, నిజములోలేని రైల్వేకు రంగులు తీర్చువారి సంగతి. కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ ఆలెన్ నిర్మించిన గోరీ అండ్ డిఫీటెడ్ రైల్వేయు, ఇంగ్లండున జాన్ అహెర్న్ నిర్మించి నేడు పెండన్ ప్రదర్శనశాలలో నున్న మాడర్ వ్యాలీయు, అలెన్ మెక్లెలండ్ యొక్క వర్జీనియన్ అండ్ ఒహయోయు కల్పితములే. వీరు పేరును, చిహ్నమును, రంగుల పద్ధతిని ఊహించిరి గాని, బండిమీద బరువులు, తేదీలు, సంకేతములు ఎట్లుండవలెనో ఆ నియమములను ఊహింపలేదు, లోకమునుండియే గ్రహించిరి. మెక్లెలండ్ బండ్లను చూచినవారు అట్టి రైల్వే నిజముగా ఉండెనేమోయని భ్రమసిరనగా, కారణమిదియే. కల్పన నచ్చినవారు తొలుత ఒక నిజమైన రైల్వేబండిని అక్షరమక్షరము నకలు చేసి, ఆపైన కల్పనకు పూనుకొనుట శ్రేయస్కరము. కల్పితములకు లేని చిక్కు నిజమైన కంపెనీల చిహ్నములకు గలదు. వాటిపై హక్కుల వివాదమొకటి 2004లో తలయెత్తినది: యూనియన్ పసిఫిక్ రైల్వే తన చిహ్నములను వాడుచున్న అథర్న్, లయొనెల్ అను నమూనాల కంపెనీలపై వ్యాజ్యము వేసినది, 2006 నాటికి ఆ తగవు సద్దుమణిగినది.

బండ్లకు మాసినరూపు తెచ్చుట ఒక కళయని జాన్ ఆలెన్ తన ఛాయాచిత్రములద్వారా లోకమునకు చాటెను. 1973లో అతడు మరణించిన కొలది దినములకే అతని రైల్వే అగ్నికాహుతియైనను, ఆ చిత్రములు నేటికిని పాఠ్యములే. కాని అతని అనుయాయులలో పెక్కండ్రు తుప్పును అతిగ ప్రయోగించుచున్నారు. నిన్న కట్టిన బండియు, నలువదేండ్ల బండియు ఒకే రైలులో నడచును. అన్నిటికిని సమానమైన తుప్పు పట్టించుట కాలమును చెఱిపివేయుటయే. ముందు నిర్మాణతేదీని చదివి, పిదప మురికి పట్టింపవలెను.

భారతీయ రైల్వేల నమూనాలు నిర్మించువారికి పైనజెప్పిన విద్య విలాసము గాదు, గత్యంతరము లేని అవసరము. సిద్ధముగా దొరకు మన పెట్టెలు స్వల్పము. విదేశపు పెట్టెలనో, కాగితముతోను ప్లాస్టిక్కుతోను స్వయముగా కట్టినవానినో మన రంగులలోనికి మార్చుకొనవలసియున్నది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, హెచ్.ఓ. లెక్కన అది 19.3 మిల్లీమీటర్లు కావలసియుండగా దొరకు పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. ఈ లోపమును రంగుచే కప్పిపుచ్చలేము గనుక, తక్కిన విషయములలో నిక్కచ్చిగ నుండుట మఱింత ఆవశ్యకము.

మన బండ్లమీది వ్రాతలును అమెరికా బండ్ల వ్రాతలవలెనే వాచాలములు. వ్యాగను సంఖ్యలో 11 అంకెలుండును: మొదటి రెండు బండిరకమును, తర్వాతి రెండు స్వంతదారైన రైల్వేను, ఆపై రెండు నిర్మాణ సంవత్సరమును, నాలుగు క్రమసంఖ్యను తెలుపును, చివరిది తక్కిన పదింటినుండి గణించిన సరిచూపు అంకె. ఇష్టమువచ్చిన 11 అంకెలు వ్రాసినవాడు ఆ చివరి అంకెవద్ద దొరకిపోవును. ప్రయాణికుల పెట్టె సంఖ్యలో మొదటి రెండంకెలు నిర్మాణ సంవత్సరము. 1985 నాటిదని చూపు ముదురెఱుపు పెట్టెపై 04తో మొదలగు సంఖ్య ఉండరాదు. 1974లో ఆరంభమైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను ఏ కాలమున చూపదలచితిమో నిర్ణయించుకొన్న తర్వాతనే, దాని పెట్టెలు ముదురెఱుపో, 1990లలో వచ్చిన నీలమో, ఎల్.హెచ్.బి. అను క్రొత్తనమూనా పెట్టెల రంగో నిర్ణయము కాగలదు.

ఆ బండికి తగిలించు గమ్యపుబోర్డు తెలుగువానికి ప్రత్యేకమైన పరీక్ష. విశాఖపట్నం, హైదరాబాద్ అను పేర్లు తెలుగునను, హిందీయందును, ఆంగ్లమునను వ్రాయవలెను. నిజబోర్డుపై తెలుగు అక్షరము పది సెంటీమీటర్ల ఎత్తుగలదనుకొందము, హెచ్.ఓ.లో అది 1.15 మిల్లీమీటర్లగును. అంగుళమునకు 600 చుక్కలు వేయు ప్రింటరునకు ఆ ఎత్తులో 27 చుక్కలు మాత్రమే చిక్కును. ఆంగ్లపు పెద్దక్షరమునకు ఆ 27 చుక్కలు పుష్కలము. తెలుగులోనో, ‘ట్న’లోని నావత్తు క్రిందను, ‘హై’ లోని ఐత్వపుతోక క్రిందను స్థలము కోరును. మూలాక్షరమునకు పదునైదు పదునాఱు చుక్కలు మిగులును. తలకట్టునకు రెండో మూడో. ఎన్ కొలతలో మొత్తము అక్షరమునకే పదునైదు చుక్కలు. పుస్తకపు అక్షరరూపమునే తగ్గించి వాడినవారికి గుండ్రని ఉదరములు పూడిపోయి నల్లని చుక్కలు మిగులుచున్నవి. ఇందుకు నేను సూచించునది: అక్షరమును ప్రత్యేకముగా గీసికొని, ఉదరములను నిజముకన్న వెడల్పుగాను, వత్తులను మూలాక్షరమునకు కొంచెము దూరముగాను, గీత మందమును ఎల్లెడ సమముగాను ఉంచుట, 1200 చుక్కల యంత్రముపై అచ్చొత్తుట, బోర్డు తెల్లనిదైనచో తెల్లపొర కాగితమే వాడుట, అప్పుడు తెల్లసిరా చిక్కు కూడ తొలగును. బోర్డు పెట్టెకన్న వేఱైన పలక గనుక, దానిని సన్నని ప్లాస్టిక్కు ముక్కపై అద్ది తగిలించుటయే న్యాయము.

పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫాక్టరీ 1955 నుండి నిర్మించుచు వచ్చిన పాతనమూనా పెట్టెలు 2018 జనవరితో నిలిచినవి. ఉన్నవి క్రమముగా ప్రయాణికుల సేవనుండి తొలగుచున్నవి. కొన్ని కిటికీలు మూయబడి, క్రొత్తరంగు పూయబడి, మోటారుకార్లను మోయు బండ్లుగా మాఱుచున్నవి. ఆ పూతక్రింద పాత సంఖ్యలు, సంకేతములు, వర్క్‌షాపు గుర్తులు అన్నియు పోవును. కనుక డెకాళ్లను కూర్చదలచువారు ముందుగా చేయవలసినది ఛాయాచిత్రసంగ్రహము: పెట్టెకు ఎదురుగా నిలిచి, ఏటవాలుగా గాక సూటిగా, నీడలోని పగటివెలుతురున, కొలకఱ్ఱ పట్టీతో సహా తీసి, తేదీని స్టేషను పేరును వ్రాసియుంచవలెను. ప్రయాణికులు తీసిన ఫొటోలలో పెక్కు పార్శ్వములవే. పెద్దమరమ్మతు ఎచట ఎన్నడు జరిగినదో, మరల ఎన్నడు జరుగవలెనో తెలుపు పంక్తులు పెట్టె కొనమీద నుండును గనుక, ఫొటోలు తీయుట కొనలనుండి ఆరంభింపవలెను.